పిలకాయ మనవైపు తిరిగేదెట్టా? ఆటిజం ఉన్న బిడ్డతో అమ్మానాన్నలు ఇంట్లో చేసే ఆట థెరపీ

బిడ్డకు ఆటిజం అని తేలాక నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఒకే వరస కనిపిస్తుంది. వారానికి రెండు మూడు రోజులు బస్సెక్కి టౌన్‌లో థెరపీకి తీసుకెళ్తారు. అక్కడ ముప్పావుగంట. మిగతా వారమంతా ఇంట్లో ఏం చేయాలో తెలియక అమ్మ టీచరమ్మ అయిపోతుంది. "ఇదేంటి నాన్నా? యాపిల్. చెప్పు, యాపిల్." వాడు మొహం తిప్పేసుకుంటాడు. ఇంకొంచెం గట్టిగా అడుగుతుంది. వాడు లేచి వెళ్లిపోతాడు.

ఇక్కడ చెప్పే ఆట పద్ధతిలో అడగడం బాగా తగ్గుతుంది, ఆగడం పెరుగుతుంది. వాడు చూస్తే మనం నవ్వడం, మనం ఆగితే వాడు చెయ్యి లాగడం, లాగితే మనం మళ్లీ ఆడించడం. ఈ ఇచ్చిపుచ్చుకోలే బంధానికి పునాది, మాటకు దారి పడేదీ ఇక్కడే. అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు స్టాన్లీ గ్రీన్‌స్పాన్, సెరీనా వీడర్‌తో కలిసి రూపొందించిన ఫ్లోర్‌టైమ్ ఈ దారిదే. బ్రిటన్‌లో పుట్టిన పాక్ట్ అనే పద్ధతి కూడా తల్లిదండ్రుల చేతే చేయిస్తుంది. పేర్లు వేరైనా ఇంట్లో చేసే పని దాదాపు ఒకటే.

ఏడాదిన్నర నుంచి ఆరేడేళ్ల పిల్లలను మనసులో పెట్టుకుని రాసింది ఇది. "వాడు" అన్న చోటల్లా ఆడబిడ్డ అయితే "పాప" అని చదువుకోండి, పద్ధతి మారదు.

మొదలుపెట్టే ముందు

చెవి పరీక్ష చేయించారా? పేరు పెట్టి పిలిస్తే పలకని బిడ్డకు వినికిడి లోపం కూడా ఉండొచ్చు. "టీవీ సౌండ్‌కి పరిగెత్తుకొస్తాడు, వినపడుతుందిలే" అని వదిలేయకండి. బెరా అనే చెవి పరీక్షలో బిడ్డను నిద్రపుచ్చి తల మీద తీగలు అంటించి చూస్తారు, నొప్పి ఉండదు. వచ్చిన మాటలు పోయినా, ఫిట్స్ వచ్చినా, ఉన్నట్టుండి కొన్ని సెకన్లు పిలిచినా తట్టినా ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతున్నా ముందు పిల్లల న్యూరాలజిస్టుకు చూపించండి. మలబద్ధకం, పంటినొప్పి, నిద్రలేమి ఉన్న బిడ్డ ఎంత మంచి ఆటకైనా రాడు. వాటిని ముందు సరిచేయండి. స్పీచ్ థెరపీ, ఓటీ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే థెరపీ) నడుస్తుంటే ఆపొద్దు.

చోటు, టైమ్

రోజుకు మూడుసార్లు, సారికి 20 నిమిషాలు. మొదటి వారం ఐదేసి నిమిషాలతో మొదలుపెట్టినా చాలు. పొద్దున స్నానానికి ముందు, మధ్యాహ్నం నిద్ర లేచాక, సాయంత్రం దీపాలు పెట్టే వేళ, ఇలా ఏవో మూడు పూటలు ఖాయం చేసుకోండి. ఆకలి మీద, నిద్ర మత్తులో ఉన్నప్పుడు వద్దు. మే నెల మన ఎండల్లో పదకొండు దాటాక ఎవరికీ ఆట మీద మనసు పోదు. ఆ నెల పొద్దున పూటే రెండు సెషన్లు కానివ్వండి.

ఒకే గది, తలుపు దగ్గరగా వేసి, నేల మీద చాప. టీవీ ఆపండి. మీ ఫోన్ పక్క గదిలో పెట్టండి, బోర్లా తిప్పి పక్కన పెట్టుకుంటే సరిపోదు. ఆటవస్తువులు నాలుగుకు మించొద్దు: బంతి, సబ్బు బుడగల సీసా, దుప్పటి, రెండు స్టీలు గిన్నెలు మూతలతో. మీట నొక్కితే పాడే బొమ్మలు అటకెక్కించండి. ఆ బొమ్మ ఉంటే వాడికి మీతో పనిలేదు.

మీ మొహం వాడి కళ్ల ఎత్తులోనో, ఇంకా కిందనో ఉండాలి. కుర్చీలో కూర్చుంటే కుదరదు. వాడు బోర్లా పడుకుని ఆడుకుంటుంటే మీరూ ఎదురుగా బోర్లా పడుకోండి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు వాడిని మంచం మీద కూర్చోబెట్టి తాము కింద కూర్చోవచ్చు.

మొదటి అడుగు: ఊరికే చూడండి

మొదటి మూడు రోజులు సెషన్లో ఏమీ చేయకండి. పక్కన కూర్చుని చూడండి. ఒక నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసి రాయండి: దేన్ని చూశాడు, దేన్ని ముట్టుకున్నాడు, మనవైపు ఎప్పుడు తిరిగాడు. "తిరగలేదు" అని రాయడానికి తొందరపడొద్దు. వీపు ఆనించి కూర్చోవడం, పక్కగా ఒక్క క్షణం చూడటం, మీ చెయ్యి పట్టుకుని డబ్బా మీద పెట్టడం అన్నీ తిరగడం కిందికే వస్తాయి. చెయ్యి పట్టుకుని పెట్టడాన్ని చాలామంది "నన్ను పనిముట్టులా వాడుతున్నాడు" అని బాధగా చెప్తారు. వాడి దగ్గర ఉన్న మొదటి భాష అదే.

రెండో అడుగు: వాడి ఆటలో చేరండి

వాడు సీసా మూతలు వరసగా పేరుస్తున్నాడు అనుకుందాం. మీ మొదటి ఆలోచన మూతలు లాక్కుని "ఎన్ని మూతలు? ఒకటీ, రెండూ..." అని లెక్క మొదలుపెట్టడం. వద్దు. మూతల కుప్పను మీ ఒళ్లోకి కాకుండా మీకూ వాడికీ నడుమ పెట్టండి. వాడు పేర్చే వరసకు పక్కనే మీరూ ఇంకో వరస పేర్చండి, వాడి వేగంలోనే. రెండు నిమిషాలు అలా సాగాక ఒక మూత తీసి అరచేతిలో పెట్టి వాడి చెయ్యి అందే దూరంలో చాపండి. ఏమీ అనొద్దు. తీసుకుంటే "మూత" అనండి, ఒక్క మాట. మళ్లీ ఇంకోటి. నాలుగైదు తీసుకున్నాక ఆరో మూతను మీ గడ్డం దగ్గర పట్టుకోండి. మూత కోసం చూసిన చూపు మీ మొహం మీదా పడుతుంది. పడ్డ క్షణమే ఇచ్చేయండి, నవ్వుతూ. చూడకపోయినా పది లెక్కపెట్టి ఇచ్చేయండి. ఇది లంచం ఆట కాకూడదు.

ఇక్కడ పని ఎక్కడ చెడుతుందంటే, రెండుసార్లు చూసేసరికి మనకు ఉత్సాహం ఆగదు. ప్రతి మూతకూ చూడాలని పట్టుబడతాం. వాడు మూతలు ఎత్తుకుని మూలకు పోతాడు. అలా పోతే వెంటపడొద్దు. ఒక మీటరు వెనక్కి జరిగి ఒక నిమిషం ఆగి, మళ్లీ మీ వరస మీరు పేర్చుకోండి. దూరం ఎంత ఉంటే వాడికి హాయిగా ఉందో ఆ రోజుకు అదే దూరం.

ఫ్యాన్ చూస్తూ ఉండిపోయే పిల్లల గురించి బాగా అడుగుతారు. నెల్లూరు ఎండల్లో ఫ్యాన్ ఆపేయమనడం అందరికీ శిక్షే. పక్కన వెల్లకిలా పడుకోండి. మీరూ చూడండి. వేలు గాల్లో తిప్పుతూ "గిర్ర్ర్" అనండి. ఆగండి. రెండు రోజులయ్యాక, ఫ్యాన్ వేసే ముందు స్విచ్ దగ్గర చెయ్యి పెట్టి "ఫ్యాన్..." అని సాగదీసి, వాడు మీవైపు చూసినా చిన్న శబ్దం చేసినా వెంటనే వేయండి. ఒంటరిగా చూసే ఫ్యాన్ ఇద్దరి ఆట అవుతుంది.

మూడో అడుగు: ఉప్పుమూట, ఆగడం

అన్నిటికంటే తొందరగా పనిచేసేవి ఆటబొమ్మలేమీ లేకుండా ఒంటితో ఆడే ఆటలు: ఉప్పుమూట, దుప్పటి ఉయ్యాల, దోబూచులాట, చక్కిలిగింతలు. ఇందులో బొమ్మ మీరే. అందుకే చూపు మీ దగ్గరికే రావాలి.

ఉప్పుమూట ఇలా చేయండి. వాడిని వీపు మీద ఎక్కించుకుని "ఉప్పోయ్ ఉప్పు" అంటూ గదిలో ఒక చుట్టు తిరిగి, చాప మీద మెల్లగా దింపండి. వెంటనే రెండో చుట్టు. వెంటనే మూడోది. మూడుసార్లూ అదే దారి, అదే మాట, అదే చోట దింపడం. ఏదీ మార్చొద్దు, ఎందుకంటే తర్వాత ఏం వస్తుందో వాడికి తెలియాలి. నాలుగోసారి వీపు వంచి, మెడ తిప్పి వాడి మొహం చూస్తూ "ఉప్పోయ్..." అని ఆగిపోండి. మనసులో పది లెక్కపెట్టండి. నోటితో ఏమీ అనొద్దు, "ఎక్కుతావా? చెప్పు, ఎక్కు" అనొద్దు.

ఆ పది అంకెలే థెరపీ. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు మనం చేసింది గమనించి, దానికి ఏం చేయాలో పోల్చుకుని, ఒళ్లు కదపడానికి ఎక్కువ టైమ్ పడుతుంది. మనం మూడో అంకెకే ఇంకో మాట అనేస్తే వాడి లెక్క మళ్లీ మొదటికొస్తుంది. గడియారం పెట్టుకుని ఒకసారి పది సెకన్లు ఆగి చూడండి, ఎంత పొడుగో మీకే తెలుస్తుంది.

ఈలోపు వాడు ఏదో ఒకటి చేస్తాడు. మీ భుజం మీద చెయ్యేస్తాడు, ముందుకు వాలుతాడు, "ఊ" అంటాడు, ఒక్క క్షణం చూస్తాడు. మొదటి వారం వీటిలో ఏదైనా సరే, ఒక్క సెకనులో ఎక్కించుకుని పరిగెత్తండి. జవాబు ఆలస్యమైతే తను చేసిన పనికీ మీరు ఎక్కించుకోవడానికీ సంబంధం వాడికి అందదు. పది అంకెలూ అయిపోయి ఏమీ రాకపోతే అలగకండి, మరోసారి మామూలుగా ఎక్కించుకుని తర్వాత ప్రయత్నించండి. వరసగా రెండు రోజులు ఏమీ రాకపోతే ఆట వాడికి నచ్చలేదని అర్థం. కొందరికి ఎత్తు భయం. వాళ్లకు దుప్పటి ఉయ్యాల మంచిది: ఇద్దరు పెద్దవాళ్లు దుప్పటి చెరో పక్క పట్టుకుని నేలకు అడుగు ఎత్తులోనే ఐదుసార్లు ఊపి కిందికి దించడం. అమ్మ కాళ్లవైపు నిలబడాలి, వాడికి మొహం కనపడేది అక్కడి నుంచే.

గడ్డం పట్టుకుని "ఇటు చూడు, నా కళ్లల్లోకి చూడు" అని తిప్పడం మానేయండి. బలవంతంగా చూపిస్తే వాడు నేర్చుకునేది మొహం దగ్గరికొస్తే ఇబ్బంది అని.

నాలుగో అడుగు: గొలుసు పెంచండి

వాడు ఒకటి, మీరు ఒకటి. ఇదొక జత. మొదట్లో రెండు జతలకే తెగిపోతుంది. నెల తిరిగేసరికి ఐదు, ఆ తర్వాత పది అని పెట్టుకోండి. గొలుసు పొడుగవ్వాలంటే చిన్న చిక్కులు మీరే తేవాలి. బుడగల సీసా మూత గట్టిగా బిగించి వాడి చేతికివ్వండి. తీయలేక మీవైపు చూపిస్తాడు, ఒక జత. మీరు అరచెయ్యి చాచి ఆగండి, సీసా పెడతాడు, ఇంకోటి. తీసి పుల్ల పెదాల దగ్గర పెట్టి ఊదకుండా ఆగండి. వాడే "ఫూ" అంటాడు. ఇలా ఒక్క బుడగకు మూడు జతలు వస్తాయి. సాక్సు చేతికి తొడగండి, చెప్పు తల మీద పెట్టుకోండి, అమాయకంగా మొహం పెట్టండి. చిక్కు పది పదిహేను సెకన్లలో విడిపోవాలి. అంతకు మించితే అది ఆట కాదు, ఏడిపించడం.

మాట ఎట్టా వాడాలి

వాడికి మాటలే లేకపోతే మీరు ఒక్క మాటతో మాట్లాడండి: "బంతి", "పడింది", "ఇంకా", "దా". వాడు ఒక మాట అంటుంటే మీరు రెండు: "బంతి పడింది." వాడికంటే ఎప్పుడూ ఒక మెట్టు పైన, అంతే. ఐదు మాటల్లో ప్రశ్న ఒకటి ఉండొచ్చు, నాలుగు వాడు చేస్తున్న దాన్ని చెప్పేవి కావాలి. "ఏం చేస్తున్నావ్?" బదులు "నీళ్లు పోస్తున్నాం."

తెలుగులో ఒక ఇబ్బంది తరచుగా చూస్తాం. పాలు కావాల్సినప్పుడు బిడ్డ వచ్చి "పాలు కావాలా?" అంటాడు, ప్రశ్న రాగంతోనే. వాడి తప్పేం లేదు. పాలు వచ్చే ముందు రోజూ విన్న మాట అదే కదా. విన్నదాన్ని విన్నట్టే అప్పజెప్పే పిల్లలతో మనం వాడి వైపు నుంచి మాట్లాడాలి. గ్లాసు చూపించి, వాడు అనాల్సిన మాట వాడి గొంతుతో "పాలు కావాలి" అని ఆగండి. "వస్తావా?" బదులు చేతులు చాచి "ఎత్తుకో". రెండు మూడు నెలలు ఇంట్లో అందరూ ఇలాగే అంటే ఆ చివరి "లా" మెల్లగా "లి" అవుతుంది. "పాలు కావాలా కాదు, కావాలి అను" అని దిద్దితే మాత్రం మొత్తం వాక్యాన్ని అప్పజెప్పే ప్రమాదం ఉంది.

స్కూల్లో ఇంగ్లీషు కాబట్టి ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అమ్మకు ముద్దు, కోపం, నవ్వు ఏ భాషలో వస్తాయో ఆ భాషే వాడికీ కావాలి. నెల్లూరు టౌన్‌లో ఉర్దూ ఇళ్లు, సూళ్లూరుపేట వైపు తమిళం ఇళ్లు, ఎవరి మాట వాళ్లే వాడుకోండి.

ఇంటి పనుల్లో కలపండి

సెషన్ 20 నిమిషాలైనా, రోజంతా చేసే పనుల్లో చోటు చాలా ఉంది. స్నానంలో చెంబు ఎత్తి "ఒకటీ... రెండూ..." అని ఆగండి. వాడు తల వంచినా, "ఊ" అన్నా "మూడు!" అని పోయండి. దోసె పెట్టేటప్పుడు మొత్తం కంచంలో వేయకుండా ఆరు ముక్కలు చేసి ఒక్కొక్కటే ఇవ్వండి. మొదటి రెండు అడక్కుండానే పెట్టాలి, బాగా ఆకలిగా ఉన్నప్పుడు ఈ ఆట వద్దు. బట్టలు ఆరేసేటప్పుడు క్లిప్పుల డబ్బా వాడికివ్వండి. మీరు చొక్కా తీగ మీద వేసి చెయ్యి చాచి ఆగాలి, వాడు క్లిప్పు ఇవ్వాలి. ఇద్దరూ ఉంటేనే సాగే పని కావాలి. వేరుశెనక్కాయలు వొలిచేటప్పుడు మీరు చిదిమిచ్చి వాడు గింజలు గిన్నెలో వేయడం కూడా అలాంటిదే. మూడేళ్ల లోపు పిల్లలు, ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పిల్లలు అయితే గింజలు, సీసా మూతలు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. వాళ్లకు గిన్నెల మూతలివ్వండి.

మైపాడో, కొత్తపట్నమో దగ్గరైతే ఆదివారం జనంలో కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. తడి ఇసుకలో గుంట తవ్వి, అల వచ్చేటప్పుడు "వస్తోంది... వస్తోంది..." అని బిగబట్టి, తాకగానే "వచ్చేసింది!" అనండి. ఎదురుచూపు దానంతట అదే తయారవుతుంది, మీరు కల్పించాల్సిన పనిలేదు. నీళ్లంటే ప్రాణం పెట్టే పిల్లలు చెప్పాపెట్టకుండా పరిగెత్తుతారు. ఒక పెద్ద మనిషి వాడికీ సముద్రానికీ మధ్యనే ఉండాలి. చెరువు, కాలవ, రొయ్యల గుంట పక్కన ఇల్లున్న వాళ్లు గేటుకు పైన గడియ పెట్టించుకోండి.

ఇంట్లో మిగతా వాళ్లు

"వాళ్ల నాన్న కూడా నాలుగేళ్లకే మాట్లాడాడు, ఎందుకీ హడావుడి" అని నాయనమ్మ అంటుంది. వాదన పెట్టుకోవద్దు. ఆమెకొక పని అప్పగించండి: రోజూ సాయంత్రం ఐదు నిమిషాలు దోబూచులాట, కొంగు మొహం మీద వేసుకుని పది లెక్కపెట్టేదాకా ఆగడం. రెండు వారాల్లో వాడే కొంగు లాగితే ఆమే అందరికీ చెప్తుంది. తాతయ్య, మేనత్త, బాబాయి ఒకేసారి "ఒరే, ఇటు రా, నేనెవరు చెప్పు" అని పిలవడం మాత్రం ఆపించాలి. దుప్పటి ఉయ్యాలకు తప్ప సెషన్లో ఒక్కరే ఉండాలి. అన్నో అక్కో ఉంటే నెల తర్వాత చివరి ఐదు నిమిషాలు వాళ్లకివ్వండి, ముందు వాళ్లకూ ఆగడం నేర్పి.

వారానికి ఒక వీడియో

ఫోన్‌ను కిటికీలో నిలబెట్టి మూడు నిమిషాలు తీయండి, రాత్రి ఇద్దరూ కూర్చుని చూడండి. మూడే లెక్కించండి: మీరు ఎన్ని సెకన్లు ఆగారు, వాడు తనంతట తాను ఎన్నిసార్లు మొదలుపెట్టాడు, పొడుగైన గొలుసు ఎన్ని జతలు. మొదటి వీడియోలో దాదాపు ప్రతి అమ్మా తను ఇంత మాట్లాడుతున్నానా అని ఆశ్చర్యపోతుంది. వాడు మీవైపు చూసి మీరు గమనించని క్షణాలూ అందులో దొరుకుతాయి.

వీడియో చూసి దిద్దుకోవడమే పాక్ట్ పద్ధతికి ప్రాణం. దాన్ని మన దేశాల ఇళ్లకు తగ్గట్టు మార్చి, గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో పరీక్షించారు. నేర్పింది స్పెషలిస్టులు కారు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. 2016లో ఫలితాలు అచ్చయ్యాయి: తల్లిదండ్రులు బిడ్డకు అనుగుణంగా స్పందించడం బాగా పెరిగింది, పిల్లలు తమంతట తాము మొదలుపెట్టడమూ పెరిగింది. ఇద్దరూ కలిసి ఒకే దాని మీద దృష్టి నిలిపే సమయం మాత్రం తగ్గింది. అంటే ఇది అన్నిటికీ మందు కాదు.

పేచీ పెట్టినప్పుడు

చెవులు మూసుకోవడం, శబ్దం పెంచడం, మొహం ఎర్రబడటం మొదలవగానే ఆట ఆపండి. ఒక్క మాట కూడా ఎక్కువే. లైటు తగ్గించి, వాడికి ఇష్టమైతే గట్టిగా అదుముకుని, ఇష్టం లేకపోతే చేయి దూరంలో కూర్చోండి. తర్వాత నోట్‌బుక్‌లో ముందు ఏం జరిగిందో రాయండి: కుక్కర్ కూతా, కరెంటు పోవడమా, కొత్త చొక్కానా? నాలుగైదు సార్లు రాస్తే కారణం తేలుతుంది. చేతులు ఆడించడం, గెంతడం పేచీ కాదు, వాటిని ఆపొద్దు.

దగ్గర్లో దొరికే సాయం

మండలాల్లో ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సీఆర్‌సీ (వికలాంగులకు థెరపీ, శిక్షణ ఇచ్చే ప్రాంతీయ కేంద్రం) ఉంది, సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ నీపిడ్ కింద నడుస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి దరఖాస్తు చేయండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యానికి ఇస్తుంది. లక్షలు కట్టించుకుని స్టెమ్ సెల్స్‌తో నయం చేస్తామనే వాళ్ల దగ్గరికి పోకండి. ఆటిజానికి ఆ వైద్యాన్ని దేశంలో వైద్య వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ సిఫారసు చేయడం లేదు.

మధ్యలో జ్వరమో, ఊళ్లో పెళ్లో, సంక్రాంతి చుట్టాలో వచ్చి పది రోజులు తప్పిపోతాయి. తిరిగి కూర్చున్నప్పుడు వాడు పాతవన్నీ మర్చిపోయినట్టు ఉంటాడు. ఆగిన చోటి నుంచి మొదలుపెట్టకండి. మొదటి రెండు రోజులు ఊరికే చూడండి, తర్వాతి మూడు రోజులు ఉప్పుమూట ఒక్కటే, ఏదీ అడక్కుండా. ఆ తర్వాత "ఉప్పోయ్..." అని మళ్లీ ఆగండి.